రెండు తట్లు

వేలంలో పాడుకున్న జీపు
లారీ మీద దిగింది కలాసిపాళ్యం షెడ్డుకు,
రెండు టైర్లలో గాలి లేదు.
వైట్‌ఫీల్డ్ కుర్రాడు బానెట్ నిమిరి
"మ్యాట్ బ్లాక్ కొట్టండన్నా,
వెనకాల స్పీకర్లు, పైన ఒక డమ్మీ గన్ను,
నంది కొండ మీద ఫోటోలు దిగాల" అన్నాడు.
అడ్వాన్సు పదివేలు.

నాది టింకరింగు పని. మాది కదిరి పక్క.
ఏ బండి కడుపులో ఏముందో
ముందు తెలిసేది నా గీకుడు పలకకే.
పచ్చరంగు కింద ఇసుక రంగు,
ఇసుక రంగు కింద మళ్ళీ పచ్చ,
దాని కింద, ఎవరో మేకుతో గీసిన
అరవ అక్షరం ఒకటి.
నేల రేకులో గుండ్రంగా ఆరు బోల్టు బెజ్జాలు.
ముందద్దం నడిమికి చీలి ఉంది
పాపిట తీసినట్టు.

"ఈ సందేంది రెడ్డెప్పా?"
మా షెడ్డులో స్పానర్లు లెక్కపెట్టే ముసలాయన.
ఎడమ చెవి పనిచేయదు, కుడిపక్కకు పోయి అడగాల.
టీ గ్లాసు కింద పెట్టి
"గొట్టం ఆనుకునే చోటు" అన్నాడు.
"పదకొండు అడుగుల గొట్టం."

ఆ పొద్దు ఇంక పని సాగలేదు.

ట్యాంకంటే ఇనప ఇల్లు నాయనా,
ఇది నూనె డబ్బా.
తలుపులుండవు, దూకేదానికి అడ్డమని.
పక్కద్దాలు పీకేస్తాం, ఎండకు మెరుస్తాయని.
కాళ్ళ కింద ఇసుక మూటలు,
నేలలో పూడ్చింది లేస్తే కాళ్ళన్నా మిగుల్తాయని.
దానికుండే కవచమంతా
నా కుడికాలి కింద యాక్సిలేటరే.

ముందు చిన్న తూటా పోతాది, ఎర్రగా గీత గీసుకుంటా.
అది తగిలిన చోటికే పెద్దది.
పెద్దది పోయిందా,
వెనకాల దుమ్ము తాటిచెట్టంత లేస్తాది
మేం ఈడుండామని దండోరా వేసినట్టు.
ఇంక ఆడ నిలబడినోడు లేడు.
తగిలిందా లేదా చూసేది నా పని కాదు.
నోరు తెరుచుకోని కూర్చోవాల, చెవులు పగలకుండా,
చెయ్యి గేరు మీద.

మాట వినపడదు గదా.
గన్నరు ముత్తుక్కరుప్పన్ నా భుజం తట్టేవాడు.
ఒక తట్టు, ముందుకు.
రెండు తట్లు, వెనక్కి.
చెయ్యి పెట్టి తీయకపోతే, ఆగు.

తెల్లారుజామున ఒకటి కొట్టినాం, జరిగినాం.
రెండోది కొట్టినాం.
తట్లు రాలేదు.
చెయ్యి మాత్రం వచ్చి భుజాన పడింది.
పడి, అట్లే ఉండింది.
ఆగమని గదా.
ఆగినాను.

ఎంతసేపని నేను అడగలేదు.
"ఈ బండేనా?" అని మాత్రం అడిగినాను.
"కాదులే. మాదాన్ని తిరిగి అమ్మేంత మిగల్లేదు."

పదోరోజుకు రంగు ఆరింది.
ఆరు బెజ్జాల్లో డమ్మీ గన్ను కాళ్ళు
కొలిచి చేసినట్టు కూర్చున్నాయి,
పీవీసీ పైపు, నల్లరంగు, ఏడొందల యాభై.
ట్రయల్‌కు స్టీరింగు రెడ్డెప్పకిచ్చినాను.
నేను వెనకాల, పైపు పట్టుకోని.
జేసీ రోడ్డులో బస్సులూ ఆటోలూ
మామూలుగానే ఒకదాన్నొకటి తోసుకుంటాండాయి.
టౌన్‌హాల్ ముందర గుంతలో చక్రం పడింది.
పట్టు తప్పి నా చెయ్యి
ఆయన భుజం మీద ఒకసారి,
ఇంకోసారి.

గేరు ఎప్పుడు మార్చినాడో చూడలేదు.
తల తిప్పలేదు, హారన్ కొట్టలేదు.
డెబ్బై ఆరేళ్ళ మనిషి
నోరు తెరుచుకోని
బాణంలా వెనక్కి.

వెనక ఆటోవాడి దీపం పగిలింది.
దిగొచ్చి కన్నడంలో
మా ఇద్దరి వంశాలనూ కడిగినాడు.
మూడొందలిచ్చినాను.
రెడ్డెప్ప మాత్రం ఇంజను ఆపలేదు,
నా చెయ్యి కోసం ఎదురుచూస్తాండాడు.
ఎన్ని తట్లు తట్టాలో
నాకు తోచలేదు.

కుర్రాడు బండి తీసుకుపోయేటప్పుడు
"అద్దంలో సందు మూయలేదేందన్నా?" అన్నాడు.
"గాలొస్తాదిలే సార్" అన్నాను.
అరవ అక్షరాన్ని గీకలేదు.
దాని మీదే కొట్టినాను నలుపు.
వేలు పెట్టి తడిమితే తెలుస్తాది.